నిండు చేయి

బస్సు కదలదు. నిజామాబాద్ బస్టాండులో ఆర్మూరు బోర్డు తగిలించుకుని, ఇంజను మోగించుకుంటూ, ఒళ్ళంతా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూ నిలబడి ఉందే గాని కదలదు. పైన ఎవరో బీడీ ఆకు మూటలు ఎక్కిస్తున్నారు. ధబ్బుమని ఒక్కొక్కటీ తన నెత్తి మీదే పడుతున్నట్టుంది తారకు. ఒకటి, రెండు, ఐదు, ఇంకెన్ని నాయనా, ఆర్మూరోళ్ళంతా ఇవాళే చుట్టాలా బీడీలు. ఒళ్ళో స్వరూప ప్రతి ధబ్బుకూ నవ్వుతోంది. ఎనిమిది దాటి తొమ్మిదిలో పడుతున్న పిల్ల, కాళ్ళు తల్లి మోకాళ్ళ కిందికి జారి వేలాడుతున్నాయి, మెడ మాత్రం నెలల పిల్ల మెడలాగా భుజం మీద వాలిపోయి ఉంది. బస్టాండు గడియారంలో పన్నెండూ యాభై. రెండు గంటలకు అక్కడ ఇంటి వెనక దొడ్లో అత్తమ్మ పీట వేస్తుంది. చిన్న కోడలు గంగమణిని కూచోబెట్టి, గాజులు పైకి జరిపి, విత్తనం పసుపు ముంచే మందు నీళ్ళలో రెండు చేతులూ మోచేతుల దాకా పెట్టిస్తుంది. గంగమణికి ఐదో నెల. కడుపుతో ఉంది కాబట్టే పెట్టిస్తుంది. లేకపోతే ఆ పని ఏ కూలి మనిషైనా చేసేది.

కండక్టరు ఈల వేశాడు, బస్సు ఒక్క గుంజు గుంజి మళ్ళీ ఆగింది, ఎవరో ముసలాయన చెప్పు జారిందట. దిగి వెతుక్కుంటున్నాడు. వెతుక్కో తాతా, తీరిగ్గా వెతుక్కో. పొద్దున్న తను కూడా ఎంత తీరిగ్గా వచ్చింది, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, పిల్ల జుట్టుకు రిబ్బను కడుతూ. పదిహేను రోజులకొకసారి హైదరాబాద్ నుంచి వచ్చే పిల్లల డాక్టరు, కొత్తాయన, నున్నటి చెంపలు, పెండ్లి అయిందో లేదో. స్వరూప మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి, గుప్పిట విప్పదీసి చూసి, తల చుట్టూ టేపు పెట్టి కొలిచి, "కడుపుతో ఉన్నప్పుడు మీరేం పనులు చేసేవారమ్మా?" అని అడిగాడు. ఎనిమిదేళ్ళలో ఎవరూ అడగని మాట. మేనరికమా అని అడిగారు. మొక్కేమన్నా మరిచిపోయిండ్రా అని అడిగారు. ఏం పని చేశావని ఎవరూ అడగలేదు. కూచుని తిన్న సార్, అంది తను నవ్వుతూ. తర్వాత నోరు ఊరుకోక, మా ఇంట్ల ఒక తమాషా ఉంది సార్ అని మొదలుపెట్టింది. కాలేజీ రోజుల నుంచీ అదొక రోగం, ఎదుటి మనిషి మొహం బిగుసుకుని ఉంటే నవ్వించేదాకా నిద్ర పట్టదు. కడుపుతో ఉన్న కోడలు విత్తనం ముంచితే ప్రతి కొమ్మూ కడుపు పండినట్టు గుత్తులు గుత్తులు పిలకలేస్తదట, దాన్ని మా అత్తగారు నిండు చేయి అంటది, నా నిండు చేయి పుణ్యాన ఆ ఏడు పుట్టికి పుట్టి పండింది సార్, నాకే కమీషన్ ఇయ్యలేదు, అని చెప్పి తనే ముందు నవ్వింది. ఆయన నవ్వలేదు. పెన్ను ఆగిపోయింది. "దేంట్లో ముంచారు?" అన్నాడు.

కదిలింది. హమ్మయ్య. ముసలాయనకు చెప్పు దొరికిందో లేదో. రోడ్డు పక్క దుకాణాలు వెనక్కి పోతున్నాయి, సైకిళ్ళు, చెరుకు రసం బండి, దవాఖాన ఎదుటి టెలిఫోను బూతు కూడా వెనక్కి పోయింది. అందులోంచే మూడుసార్లు చేసింది తమ వాడకట్టులోని భూపతి బూతుకు. మోగింది, మోగింది, ఆగిపోయింది. భూపతి మధ్యాహ్నం షట్టరు సగం దించి చాప పరుచుకుంటాడు, ప్రపంచం మునిగినా మూడింటికి గాని లేవడు. పాదరసం అన్నాడు డాక్టరు. పాదరసం కలిసిన మందు చర్మంలోంచీ పోతుందమ్మా, ఆవిరిలోంచీ పోతుంది, చేతులు సరిగ్గా కడగకుండా తింటే అన్నంతో కూడా పోతుంది. తల్లికి ఏం తెలియకపోవచ్చు. కడుపులో ఉన్నదానికి అప్పుడప్పుడే మెదడు కుదురుకుంటూ ఉంటుంది కదా. అవును, తల్లికి ఏం తెలియలేదు, మస్తుగా ఉంది తల్లి, బస్సులో కిటికీ పక్క సీటు కూడా దొరికింది. ఇదే కారణమని నేను రాసివ్వలేను, ఇన్నేళ్ళ తర్వాత ఏ పరీక్షలోనూ తేలదు అని కూడా అన్నాడు, నిజాయితీ గల పిల్లాడు. ఆ వెంటనే అడిగాడు, ఇప్పుడు మీ ఇంట్లో ఎవరైనా గర్భంతో ఉన్నారా అని. అప్పుడు చూసింది తను గోడ మీద గడియారం.

మొన్న పడింది తొలి వాన. దుక్కులు దున్ని ఉన్నాయి, వాన ఆగదు, విత్తనం ఆగదు, ఈరోజు ముంచి రేపు ఆరబెట్టి ఎల్లుండి నాటాలి. నువ్వు దవాఖానకు పోయి రా బిడ్డా, ముంచుడు గంగమణి చూసుకుంటది, అంది అత్తమ్మ పొద్దున్నే, పాపం, ఇద్దరి మేలూ కోరి. తొమ్మిదేళ్ళ కింద కూడా అంతే మేలు కోరింది. కొత్త కోడలు, బి.ఏ. పాసయిన కోడలు, పొలం గట్టు మీద నడవడం రాని కోడలు, ఊళ్ళో వాళ్ళ నోళ్ళు మూయించాలని ముత్తయిదువలందరినీ పిలిచి, బొట్టు పెట్టి, పీట మీద కూచోబెట్టి, నీ చేతులనే ఉంది తల్లీ మా పంట అంది. ఎంత గర్వమైంది తనకు. తనకు ఆ పెండ్లిలో దొరకని మర్యాద ఆ తొట్టి ముందర దొరికింది. అత్తమ్మ కూడా అట్లాగే ముంచిందట, తన మొగుడు గంగాకిషన్ కడుపులో ఉన్నప్పుడు, చిన్నాయన కడుపులో ఉన్నప్పుడు. ఇద్దరు కొడుకులూ దుంగల్లాగా ఉన్నారు. ఉండరా మరి, ఆమె ముంచింది పేడ నీళ్ళలో, వేపాకు నీళ్ళలో. పీట అదే, పాట అదే, గాజులు పైకి జరపడం అదే. నీళ్ళు మారినయి. నీళ్ళు మారిన సంగతి ఎవరికీ పట్టలేదు.

ఎవరికీ పట్టలేదా. తారమ్మా, నీ మనసుకైనా నిజం చెప్పు. డబ్బా మీద రాత ఇంగ్లీషులో ఉంది. ఆ ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది ఒక్కదానికి. మామ ధర్మయ్య డబ్బా తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు, దేవుడి పుస్తకం ఇచ్చినట్టు, "సదువు బిడ్డా, ఎన్ని నీళ్ళకు ఎంత పొయ్యాల్నో" అని. నిలబడి చదివింది, కాలేజీ వార్షికోత్సవంలో చదివినట్టు గొంతు సవరించుకుని చదివింది. ఇన్ని లీటర్లకు ఇన్ని గ్రాములు. ఆ కింద చిన్న అక్షరాల్లో చేతితో తాకరాదు, రబ్బరు తొడుగులు వాడవలెను, అదీ చదివింది. తొడుగులంటే ఏందన్నారు ఆడవాళ్ళు. చేతులకు ఏసుకునే రబ్బరు సంచులత్తా అంటే పగలబడి నవ్వారు. ఆ పక్కన పుర్రె బొమ్మ, రెండు బొక్కలు అడ్డంగా. గిదెవరే అని ఎవరో అడిగితే, మా హిస్టరీ మేడం, అంది తను. దొడ్డి దొడ్డంతా నవ్వింది. నవ్వులు ఆగకముందే చేతులు నీళ్ళలో పెట్టింది. రెండు రోజులు, నలభై గంపలు. మధ్యాహ్నం చేతులు దులుపుకుని అక్కడే సద్ది తిన్నది. ఆ మాట డాక్టరుకు చెప్పలేదు. హిస్టరీ మేడం మాట ఎవరికీ ఎప్పటికీ చెప్పదు.

"బిడ్డకేమైందమ్మా?" పక్క సీటు ముసలామె. తంబాకు వాసన, చేతుల నిండా పచ్చబొట్లు. ఇప్పుడు కాదు అవ్వా.

"పుట్టుక నుంచే గట్ల."

"గ్రాణంల ఏమన్న కోసినవా?"

తారకు నవ్వు వచ్చింది, అది నవ్వో ఏడుపో తెలియకుండా ముక్కుల్లోంచి వచ్చింది. గ్రహణం. శ్రావణ పున్నానికి తెల్లవారుజామున చంద్రగ్రహణం పడితే రాత్రంతా అత్తమ్మ కాపలా కాసింది, కిటికీలకు దుప్పట్లు కట్టి, కోడల్ని వెల్లకిలా పడుకోబెట్టి, కత్తిపీట అటక మీదికి ఎక్కించి, సూది దారం కూడా దాచేసి. గోక్కోకు బిడ్డా, పిల్లకు మచ్చలు పడతయి. దురద పెట్టి ప్రాణం పోతున్నా గోక్కోలేదు తను, ఇన్ని చదివి. అమ్మవారి దగ్గరికి తీసుకుపోయారు, బొప్పాయి ముట్టనివ్వలేదు, సందుగాలి తగలనివ్వలేదు. చంద్రుడి నుంచి కాపాడారు, సూర్యుడి నుంచి కాపాడారు, నాలుగు వీధుల దిష్టి నుంచి కాపాడారు. "ఏం కొయ్యలేదవ్వా" అంది. "అయితే నీకు తెల్వకుండ ఏదో అయ్యుంటది" అంది ముసలామె, నిజం ఇంతకంటే బాగా ఎవరు చెప్తారు.

మాణిక్‌భండార్ దాటింది. ఒంటిగంటా పది అయ్యుంటుంది. స్వరూప నోటి చివర చొంగ, కొంగుతో తుడిచింది. మొదట ఏడ్వలేదు, ఎంత బుద్ధిమంతురాలో అన్నారు అందరూ. మూడో నెలకు చూపు నిలపలేదు, నల్లకళ్ళ పిల్లలు ఆలస్యంగా చూస్తారన్నారు. ఏడాదికి కూచోలేదు, బొద్దుగా ఉంది కదా అన్నారు. రెండేళ్ళకు ఫిట్స్. నాలుగేళ్ళకు గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే అత్తమ్మ వాడకట్టుకంతా చక్కెర పంచింది. మాటలు మూడు, మ్మ, తాత, ఇంకొకటి ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు, కానీ రోజుకు వందసార్లు అంటుంది, ఎంత ఇష్టంగా అంటుందో, అదేమిటో తెలుసుకోకుండానే చచ్చిపోతానేమో అనిపిస్తుంది తారకు. ఆ పిల్ల పేరు చెప్పి ఒక్క మాట అననివ్వదు అత్తమ్మ. మీ ఇంట్ల గిట్లాంటి పిల్ల అని ఎవరో పేరంటంలో ఎత్తితే తాంబూలం అక్కడే పెట్టేసి వచ్చింది. రోజూ పొద్దున నువ్వుల నూనెతో కాళ్ళు రుద్దుతుంది, బిగుసుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విప్పి రుద్దుతుంది, మా బంగారు చేతులు, మా పండు చేతులు. ఆమెకు ఎట్లా చెప్తావు.

చెప్పాలి. వరసగా చెప్పాలి. అత్తమ్మా, డాక్టరు ఏమన్నడంటే. కాదు, మామతో మొదలుపెట్టాలి. మామా, ఈ మందుల విషముంది. విషం లేకుంటే పురుగు సస్తదా అంటాడు. అత్తమ్మా, స్వరూప గిట్ల పుట్టింది ఎందుకంటే. వద్దు, అక్కడిదాకా పోవద్దు. గంగమణిని పక్కకు పిలిచి, చెల్లె, కడుపు నొస్తుందని చెప్పి పండుకో. గంగమణి అబద్ధమాడలేదు, ఆడితే మొహమంతా ఎర్రబడి అక్క చెప్పమన్నది అనేస్తుంది. ఆ పిల్లకు పెండ్లయిన ఆరేళ్ళకు నిలబడ్డ కడుపు. రాత్రి పడుకునే ముందు వచ్చి, అక్కా, చూడు కదులుతున్నది, అని తన చేయి తీసి పెట్టుకుంటుంది. పెట్టింది చేయి, కదిలింది లోపల, చేప పిల్లలాగా. తనకు ఇంకోటి వద్దనుకుంది తార ఎప్పుడో. మస్కట్‌లో ఉన్న గంగాకిషన్ రెండేళ్ళకొకసారి రెండు నెలలు వస్తాడు, ఆ రెండు నెలలూ నర్సు ఇచ్చిన గోలీలు మింగుతుంది, అవి ఇంగువ డబ్బాలో దాస్తుంది, ఇంగువ వాసన పడదు కాబట్టి అత్తమ్మ ఆ డబ్బా జోలికి పోదు. పోయిన నెలలోనే తిరిగి పోయాడు. పోతూ పోతూ, ఈసారన్నా అని ఏదో అనబోయి స్వరూప తల నిమిరి ఊరుకున్నాడు.

ఆగింది బస్సు. ఎందుకాగింది? మాక్లూర్ స్టేజీ ఇంకా రాలేదు. డ్రైవరు దిగాడు, కండక్టరు దిగాడు, మగవాళ్ళందరూ దిగి చక్రం చుట్టూ చేరి దానికి నీతులు చెప్పినట్టు నిలబడ్డారు. పంచరు. తార కూడా లేచింది, కూచుంది, మళ్ళీ లేచింది. ఎంతసేపన్నా? "జర ఫికర్ చెయ్యకమ్మా, పావుగంట" అన్నాడు కండక్టరు, పావుగంట అంటే వాళ్ళ భాషలో ఎంతో దేవుడికే తెలుసు. మక్క చేన్లకు దున్నిన భూమి వాసన, వాన వాసన, ఎంత మంచి వాసన. లారీని చెయ్యెత్తి ఆపితే? ఎనిమిదేళ్ళ పిల్లను చంకనెత్తుకుని లారీ ఎక్కిందని రేపు ఊరంతా. ఎక్కనీ. చెయ్యెత్తింది, లారీ బురద చిమ్ముతూ పోయింది. ఇంకోటి పోయింది. ఇప్పుడు అత్తమ్మ తొట్టిలో నీళ్ళు నింపుతూ ఉంటుంది. ఇప్పుడు డబ్బా మూత తీస్తూ ఉంటుంది మామ. ఎంత పొయ్యాలో ఇప్పుడు ఎవరూ చదవనక్కరలేదు, తను ఆనాడు చెప్పిన లెక్కే ఈనాటికీ లెక్క, ఊళ్ళో సగం ఇండ్లకు అదే లెక్క పోయింది, ధర్మయ్య కోడలు చెప్పిన లెక్క. ఎన్ని ఇండ్లలో ఎన్ని నిండు చేతులో. దేవుడా, ఆ ఆలోచన ఇప్పుడొద్దు, ఇప్పుడు ఒక్కటి చాలు, ఒక్క గంగమణి.

బస్సు మళ్ళీ కదిలేసరికి ఎవరి చేతి గడియారంలోనో ఒకటీ ముప్పావు. మామిడిపల్లి దగ్గర తెల్లారిగట్ల కడిగినట్టు మెరుస్తున్న గుట్ట రాళ్ళు కనిపించాయి, ఆర్మూరు వచ్చేసినట్టే, వచ్చేసినట్టే గాని రాదు. బస్టాండు దాకా పోకుండానే దిగిపోయింది. చంకన స్వరూప, కాళ్ళు మోకాళ్ళకు తగులుతున్నాయి, రిబ్బను ఊడిపోయింది. పిల్ల ఆ ఎగుడుదిగుడుకు ఆనందపడి తన మూడో మాట, ఎవరికీ తెలియని మాట, చెవిలో పదేపదే అంటోంది. అను బిడ్డా, అంటూ ఉండు. రొప్పుతూనే నడిచింది. వాడకట్టు మలుపు, భూపతి సగం షట్టరు, నీలవ్వ అరుగు, తమ గేటు.

తలుపు బార్లా తెరిచి ఉంది. దొడ్లో ముత్తయిదువలు, పసుపు గంపలు ఒక వరసన, ఒక గంప ఖాళీగా బోర్లించి ఉంది. పక్కనే తడి గోనె మీద ముంచిన కొమ్ములు. పీట మీద గంగమణి, చేతులు మోచేతుల దాకా తడి, తార వైపు చూసి నవ్వింది. ఒక గంప అయిపోయింది. ముప్ఫై ఉన్నాయి.

"లే గంగమణీ."

"ఎందుకక్కా?"

"లే అంటున్న గదా."

"ఏందమ్మా," అన్నాడు మామ, చేతిలో రెండో గంప. "నడుమల లేపుతరా? అచ్చిరాదు."

"గీ మందు మంచిది కాదు మామా. కడుపుతోటి ఉన్నోళ్ళు ముట్టొద్దని డాక్టరు చెప్పిండు."

"డాక్టరేమన్న ఎవుసం చేస్తడా? మంచిగ లేకుంటే సర్కారు అమ్మనిస్తదా?"

అత్తమ్మ లక్ష్మీనర్సమ్మ అప్పటికే స్వరూపను అందుకుని నడుముకు ఎత్తుకుంది. "నువ్వు ముంచలేదా బిడ్డా?" అంది మెత్తగా. "నలభై గంపలు. నేనే గదా నిన్ను కూసోబెట్టి..." అక్కడ ఆగింది. కొంగుతో పిల్ల మూతి తుడవబోయిన చేయి కూడా ఆగింది. స్వరూప బిగిసిన పిడికిలి వైపు చూసింది, తొట్టి వైపు చూసింది, మళ్ళీ పిడికిలి వైపు. తారకు కనిపించింది, ఆ ముసలి మొహంలో ఆ ఎరుక కింది నుంచి మెల్లగా ఎక్కి వస్తున్నది, ఇంకొక్క క్షణమైతే కళ్ళలోకి చేరుతుంది. చేరితే ఆమె ఇంక అన్నం తినదు. ఇంక ఆ పిల్ల కాళ్ళు రుద్దదు. మామ మాత్రం వాదించుకుంటూనే రెండో గంప కుమ్మరిస్తాడు. దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి, నిజం మాటలు, న్యాయమైన మాటలు.

"అది కాదత్తమ్మా," అంది తార, మొహమంతా నవ్వు పులుముకుని. "పెద్ద కోడలుండంగ చిన్న కోడలు కూసుంటదా అని."

"నువ్వు కూసోవాల్నంటే నీకు..."

"అదే చెప్తున్న. నేను దవాఖానకు పోయింది పిల్ల కోసమొక్కటే అనుకున్నరా?"

దొడ్డంతా ఒక్కసారి గలగలమంది. గంగమణి ఎగిరి లేచి, అక్కా, అని మీద పడబోతే, తార వెనక్కి తగ్గింది. "ముట్టకు. పో, సబ్బు పెట్టి కడుక్కో. రెండుమార్లు. గోర్ల సందులల్ల."

"మరి ముట్టొద్దన్నడంటివి?" మామ గంప దించలేదు.

"అయిదు నెలలు పడ్డోళ్ళకట మామా," అంది తార, రెప్ప వేయకుండా. "నాది రెండో నెలే. రెండో నెలల ఏం కాదట."

చదువుకున్న కోడలు చెప్పింది. మామ తలూపాడు. తార గాజులు పైకి జరుపుకుని పీట మీద కూచుంది, చేతులు రెండూ మోచేతుల దాకా నీళ్ళలోకి దించింది. కొమ్ములు వేళ్ళ మధ్య జారుతున్నాయి. మస్కట్‌కు ఉత్తరం ఎవరు రాస్తారో, లేని కడుపు ఎప్పుడు ఎట్లా పోయిందని చెప్పాలో, తల వంచుకుని అదొక లెక్క మొదలుపెట్టింది. వెనక అత్తమ్మ గొంతు, ఎనిమిదేళ్ళలో వినని గొంతు, పిల్లతో గుసగుసలాడుతోంది.

"తమ్ముడొస్తడే నీకు. ఎప్పుడొస్తడు? ఆగు, చూద్దం." స్వరూప పిడికిలి పట్టుకుని చిటికెన వేలు విప్పింది. "ఆషాఢం." విప్పిన వేలు మళ్ళీ ముడుచుకుంది, మళ్ళీ విప్పి పట్టుకుంది. "శ్రావణం. భాద్రపదం." ఒక్కొక్క వేలూ, నొప్పి తగలకుండా, ఓపికగా. "దసరా నెల. కార్తీకం. ఏదమ్మా, రెండో చెయ్యి ఇయ్యి."